ప్రతులు: 1000

తెలుగు పుస్తకం అట్ట తిప్పి లోపలి పేజీ చూస్తే చిన్న అక్షరాల్లో కొన్ని వివరాలుంటాయి. మొదటి ముద్రణ ఎప్పుడు, అచ్చు వేసిన ప్రెస్సు ఏది, వెల ఎంత, ప్రతులు ఎన్ని. ప్రతుల దగ్గర చాలాసార్లు 1000 అని ఉంటుంది, కవిత్వమైతే 500 కూడా ఉండొచ్చు. దాని కిందే ‘ప్రతులకు’ అన్నచోట రచయిత ఇంటి చిరునామా కనిపిస్తుంది. అంటే పుస్తకం అచ్చయింది గానీ దుకాణం దాకా పోలేదు. ఆ వెయ్యిలో కొన్ని ఆవిష్కరణ సభలో పంచుతారు, కొన్ని సమీక్ష కోసం పత్రికలకు వెళ్తాయి, కొన్ని స్నేహితుల ఇళ్లకు చేరతాయి. మిగిలినవి కట్ట విప్పకుండానే అటకెక్కుతాయి. ‘వెల: అమూల్యం’ అని వేసి ఊరికే పంచిన పుస్తకాల దారీ ఇదే. పదేళ్లు గడిచేసరికి ఆ పుస్తకం పేరు విన్నవాళ్లే తక్కువవుతారు.

అటకెక్కినవన్నీ రత్నాలని ఎవరూ అనరు. చదవకపోయినా నష్టం లేని పుస్తకాలు ఏ భాషలోనైనా ఎక్కువే. అయితే పేరు రాకపోవడాన్ని ఎవరో చదివి ఇచ్చిన తీర్పుగా తీసుకోకూడదు. చాలా పుస్తకాల విషయంలో చదవడమే జరగలేదు. ప్రతులు తక్కువ పడి ఉండొచ్చు. ప్రభుత్వం నిషేధించి ఉండొచ్చు. రాసింది ఆడమనిషి కావడమో, ప్రచురణ కేంద్రాలకు దూరంగా ఉన్న ఊరివాళ్లు కావడమో కారణం కావచ్చు. పండితులు చేత్తో తాకని రకం పుస్తకమూ కావచ్చు. ఎందుకు మరుగున పడిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే. దొరికాక దాన్ని ఏ గీటురాయి మీద గీసి చూడాలో కూడా చాలావరకు ఆ కారణమే చెబుతుంది.

ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ సంగతి చూస్తే ఇది తేటపడుతుంది. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ఏలిన ప్రతాపసింహుడి ఆస్థానంలోని కవయిత్రి, దేవదాసీ కుటుంబంలో పుట్టిన విదుషి. దాదాపు నూటయాభై ఏళ్ల తర్వాత బెంగుళూరు నాగరత్నమ్మ, తంజావూరు నాటి తెలుగు సాహిత్యం గురించి చదువుతుండగా ఈ కావ్యం ప్రస్తావన చూశారు. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధికి మందిరం కట్టించిన గాయని ఈమే. కావ్యం కోసం ఎంతో వెతికిన మీదట 1887 నాటి అచ్చుప్రతి ఒకటి దొరికింది. చాలామంది అక్కడితో సంతోషపడి ఆగిపోయేవారు. నాగరత్నమ్మ ఆగలేదు. రాతప్రతి సంపాదించి రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. అచ్చులో కొన్ని పద్యాలు ఎగిరిపోయాయని, ముద్దుపళని తన ఇంటి ఆడవాళ్ల పాండిత్యాన్ని చెప్పుకున్న అవతారిక కూడా లేదని తేలింది. ఆ భాగాలన్నీ చేర్చి, పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు.

ఆ తర్వాత జరిగింది తెలుగు ప్రచురణ చరిత్రలో బాధాకరమైన ఘట్టం. కందుకూరి వీరేశలింగం వంటి పెద్దలే ఈ కావ్యాన్ని బూతు అన్నారు. శృంగారం పాలు అంతే ఉన్న మగకవుల కావ్యాలు పాఠాలుగా నడుస్తున్న రోజులవి. ప్రభుత్వం అశ్లీలమనే నేరం మోపి ప్రతులను స్వాధీనం చేసుకుంది. 1947లో టంగుటూరి ప్రకాశం నిషేధం ఎత్తేశారు. 1952లో వావిళ్ల వారు పుస్తకాన్ని మళ్లీ వేశారు, నాగరత్నమ్మ కన్నుమూసిందీ ఆ ఏడాదే. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో ఇంగ్లిషులో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ సంపుటం ఈ కథను దేశమంతటికీ చెప్పింది. అరుదైన పుస్తకం కోసం వెతికేవాళ్లకు కావలసిన పద్ధతి మొత్తం నాగరత్నమ్మ పనిలో ఉంది. ఒకచోట మాటవరసగా వచ్చిన పేరును వదలకుండా పట్టుకోవడం, చేతికి మొదట వచ్చిన ప్రతిని నమ్మేయకుండా ఇంకో ప్రతితో పోల్చడం, తీసేసిన భాగం ఏదో, దాన్ని ఎందుకు తీసేశారో అడగడం.

ఊరూ పేరూ చూసి పక్కన పెట్టిన సాహిత్యమూ తక్కువేమీ కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగకుండా లెక్క చూపించారు. 1934లో ఆయన తెచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులున్నారు. వాళ్లు ఆనాడు కొత్తగా పుట్టుకొచ్చినవాళ్లు కారు. అడిగినవాళ్లు లేక అప్పటిదాకా కనబడలేదు. తెలుగు కథ పుట్టుక విషయమూ ఇలాంటిదే. గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’తో తెలుగు కథ మొదలైందని తరాల తరబడి పాఠ్యపుస్తకాలు చెప్పాయి. భండారు అచ్చమాంబ రాసిన ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చిందన్న సంగతి, పరిశోధకులు పాత సంచికలు తిరగేసిన తర్వాతే పదిమందికీ తెలిసింది. స్త్రీల కోసం నడిచిన పత్రిక కాబట్టి సాహిత్య చరిత్రకారుల చూపు దానిమీద పడలేదు. కథ ఎప్పుడూ అచ్చులోనే ఉంది, దాన్ని చదివే అలవాటే లేదు.

ఇక రకం తక్కువని వదిలేసినవి. వేమన పద్యాలు జనం నోట్లో బతికాయి గానీ పండితుల గ్రంథాలయాల్లోకి రాలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ప్రతులు సేకరించి, ఇంగ్లిషు అనువాదంతో 1829లో అచ్చు వేసేదాకా వాటికి పుస్తక రూపంలో గౌరవం దక్కలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ స్థానంలోకి వచ్చినవి చవక నవలలు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యిన్నొక్క నవలలు రాశారు. రైలు ప్రయాణికులు స్టేషన్లో కొనుక్కుని, దిగేలోపు చదివేసే పుస్తకాలవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఒక తరం కుర్రాళ్లకు ఇంట్లో మనుషులంత పరిచయం. అయినా ఈ పుస్తకాలను భద్రపరచాలని గ్రంథాలయాలకు తోచలేదు. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగి, చివరికి తూకానికి పోయాయి. లక్షలమందికి చదవడం అలవాటు చేసిన పుస్తకాల్లో కొన్ని ఒక్క ప్రతి కూడా మిగలకుండా పోవడం చిన్న నష్టం కాదు.

కారణాలు ఇన్ని ఉన్నప్పుడు వెతికే చోట్లూ అన్నే ఉంటాయి. అన్నిటికంటే దగ్గరి దారి మరో పుస్తకమే. మంచి పుస్తకంలోని పాదసూచికలు, ఉపయుక్త గ్రంథాల పట్టిక ఓపిగ్గా చదివేవాళ్లకు కొత్త పేర్లకు కొదవ ఉండదు. ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాల్లో ఒక్కొక్క పేజీలో నాలుగైదు అపరిచితమైన పేర్లు తగులుతాయి. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం వారు జనజీవితపు వివరాల కోసం తవ్వుకున్న కావ్యాల పేర్లు రాసుకుంటే ఏడాదికి సరిపడా చదువు దొరుకుతుంది. తిండి గురించీ ఆటల గురించీ మార్కెట్ల గురించీ చెప్పిన కావ్యాలేవో ఆ పుస్తకం విప్పి చూపిస్తుంది.

రెండో దారి సర్కారు లెక్కలు. 1867లో వచ్చిన చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకాన్నీ నమోదు చేయించాల్సి ఉండేది. మద్రాసు ప్రభుత్వం ఆ జాబితాలను మూడు నెలలకోసారి గెజిట్‌తో పాటు ప్రచురించేది. పుస్తకం పేరు, రచయిత, పేజీలు, వెల, వేసిన ప్రతుల సంఖ్య అందులో ఉండేవి. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ తయారుచేసిన సూచిక 1912లో అచ్చయింది. ఇక్కడ ఒక్క ప్రతి దొరకని పుస్తకం లండన్‌లో ఉండటం అరుదేమీ కాదు. పుస్తకం పోయినా పేరు మిగిలి ఉంటే వెతకడానికి ఆధారం ఉన్నట్టే.

ఆ తర్వాత గ్రంథాలయాలు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, కడపలో బ్రౌన్ బంగళా ఉన్నచోట వెలసిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, చెన్నైలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఒక్కొక్కటి ఒక్కొక్క రకం సంపదకు నిలయం. కథల కోసమైతే శ్రీకాకుళం వెళ్లాలి. కాళీపట్నం రామారావు 1997లో అక్కడ స్థాపించిన కథానిలయం, అచ్చయిన ప్రతి తెలుగు కథనూ ఒకచోట చేర్చాలన్న సంకల్పంతో పుట్టింది. మంచి కథ, చెడ్డ కథ అని ఏరకుండా అన్నీ పోగుచేయడంలోనే ఆ సంస్థ గొప్పతనం ఉంది. ఏరే పని తర్వాతి తరం చదువరులది. ఇవాళ ఏరి పారేస్తే రేపటివాళ్లకు చూసుకోవడానికి ఏమీ మిగలదు.

కంప్యూటర్ తెరమీద వెతకడానికి ఒక చిన్న విద్య కావాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడినా వాటిలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. తంటా పేర్ల దగ్గరే వస్తుంది. తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఒకే మాటలో సున్నకు ఒకచోట ఒక అక్షరం, ఇంకోచోట ఇంకో అక్షరం, మధ్యలో అక్కర్లేని గుర్తులు. కొన్నిటికి రచయిత పేరే మారిపోయింది. అందుకని ఒక పేరును నాలుగైదు రకాలుగా రాసి చూడాలి, పేరుతో దొరక్కపోతే సంవత్సరంతోనో ప్రచురణ సంస్థ పేరుతోనో వెతకాలి. తప్పు పేరు కింద దాగిన మంచి పుస్తకాలు అక్కడ ఇంకా ఎన్నో ఉన్నాయి.

చేతితో తాకి, నాలుగు పేజీలు నిలబడి చదివి కొనుక్కునే సుఖం మాత్రం పాత పుస్తకాల షాపుల్లోనే. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు, కోఠీ, విజయవాడ లెనిన్ సెంటర్ చాలామంది సొంత గ్రంథాలయాలకు పునాదులు. 1989 నుంచి ఏటా కొత్త సంవత్సరం మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ, హైదరాబాదు బుక్‌ఫెయిర్‌లోనూ పెద్ద స్టాళ్లు దాటి, ఒక్క బల్ల వేసుకుని కూర్చున్న చిన్న ప్రచురణకర్త దగ్గర ఆగాలి. ఒకప్పుడు వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేవారు. 1938లో ఆయన మొదలుపెట్టిన దేశోద్ధారక గ్రంథమాల తెలంగాణలో ఎందరికో మొదటి తెలుగు పుస్తకాన్ని చేతికిచ్చింది. ఆ బల్ల వెనక కూర్చున్న మనిషి చేస్తున్నదీ ఆ పనే, అందుకే అక్కడ ఆగడానికి ఓ పావుగంట ఎక్కువ కాదు.

పుస్తకం దొరికింది సరే, మంచిదో కాదో తేల్చడం ఎలా? దొరికిన సంతోషమే ఇక్కడ మొదటి ఆటంకం. కష్టపడి వెతికి పట్టిన పుస్తకం గొప్పదని నమ్మాలనే మనసుకు ఉంటుంది. మానవల్లి రామకృష్ణకవి తాళపత్రాల కోసం దేశం తిరిగిన మహా పరిశోధకుడు. నన్నెచోడుడి ‘కుమారసంభవము’ను వెలికితీసి 1909లో అచ్చు వేసి తెలుగువాళ్లకు గొప్ప కావ్యాన్ని ఇచ్చారు. దాంతోపాటు నన్నెచోడుడు నన్నయకంటే ముందువాడని కూడా ప్రకటించారు. దానిమీద దశాబ్దాల పాటు వాదం నడిచింది. భాష, ఛందస్సు, వ్యాకరణం, కావ్యంలో కవి చెప్పుకున్న వంశం, శైవమత సంగతులు అన్నీ పరిశీలించిన పండితుల్లో ఎక్కువమంది నన్నయ తర్వాతివాడేనని తేల్చారు. కొందరైతే కావ్యమే ఆధునికుల కల్పన అనేదాకా వెళ్లారు, ఆ మాట నిలవలేదు. వాదమంతా కాలం గురించి సాగింది, కావ్యం రుచి మాత్రం ఏ శతాబ్దానిదైనా అదే. ‘మొట్టమొదటిది’ అన్న బిరుదు పుస్తకానికి చరిత్రలో చోటు ఇస్తుంది, నాణ్యత సంగతి పేజీల్లోనే చూసుకోవాలి. ‘ధనత్రయోదశి’కైనా ఇదే వర్తిస్తుంది.

ఒక్కొక్క రకం పుస్తకానికి ఒక్కొక్క తూకం ఉంది. బంగారం తూచే త్రాసులో ధాన్యం తూచరు గదా. యాత్రాగ్రంథమే తీసుకుంటే, రచయిత కళ్లారా చూసిందేదో, విని రాసిందేదో విడదీయాలి. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా వెళ్లి, గయ, కలకత్తా చూసుకుని, తూర్పు తీరం వెంట 1831 సెప్టెంబరులో ఇంటికి చేరారు. ఆయన మరణం తర్వాత 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’లో వర్ణనల సొగసు కోసం వెతికేవాళ్లు నిరాశపడతారు. ఊరికీ ఊరికీ మధ్య దూరం, నీళ్లు, నేల తీరు, దొరికే సరుకులు, దారిలో భయాలు, బోయీల ఇబ్బందులు, ఆ ఊళ్లో ఏ జాతులవాళ్లున్నారు, ఎవరి పాలన నడుస్తోంది అన్నవే ఇందులో ముఖ్యం. రైలు రాకముందు ఈ దేశంలో ప్రయాణం ఎలా ఉండేదో చెప్పడానికి అంత నమ్మకమైన తెలుగు సాక్షి మరొకరు లేరు. యాత్ర గురించి ఎన్నేళ్ల తర్వాతో తలచుకుని రాసినదానికీ, ఇలా దారిలో నుంచే ఉత్తరాలుగా పంపిన దానికీ ఉండే తేడా ఇక్కడ తెలుస్తుంది.

స్థానిక చరిత్రలకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. సర్వేయరు కర్నల్ మెకంజీ కాలంలో కావలి సోదరులు, వాళ్ల సహాయకులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయత్తుల్లో కడప జిల్లావి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా తెచ్చింది. ఒకే కైఫీయత్తులో ఊరి దేవుడు వెలిసిన కథ ఉంటుంది, ఏ రాజు ఎంత మాన్యం ఇచ్చాడో ఉంటుంది, చెరువు ఎవరు తవ్వించారో ఉంటుంది. మొదటిది నమ్మకానికి సాక్ష్యం, మిగిలినవి శాసనాలతో సరిచూడగల విషయాలు. రెండిటినీ కలిపి చదివితే తప్పుదారి పడతారు, మొదటిదాన్ని తీసి పారేస్తే ఊరి ఆత్మే పోతుంది. ఇవాళ ఊళ్లలో రిటైరైన ఉపాధ్యాయులు సొంత డబ్బుతో అచ్చు వేస్తున్న గ్రామచరిత్రలనూ ఇలాగే చదవాలి. వంశాల పొగడ్తలు ఎన్ని ఉన్నా, పొలాల పేర్లూ వీధుల పేర్లూ పాత పండుగల తీరూ రాసిపెట్టిన నాలుగు పేజీలుంటే చాలు, ఆ పుస్తకం దాచుకోదగ్గదే.

ఆత్మకథలో చూడాల్సింది రచయిత తనకు అనుకూలం కాని సంగతులు ఎన్ని చెప్పాడన్నది. దరిశి చెంచయ్య 1912లో అమెరికా చదువుకు వెళ్లి గదర్ పార్టీలో చేరి జైళ్లు చూసిన మనిషి. ‘నేనూ-నా దేశం’లో విప్లవం ఎంత ఉందో, ఆనాటి కోమటి ఇళ్లలో ఆచారాల మీదా ఆడవాళ్ల బతుకు మీదా అంత నిర్మొహమాటమైన మాట ఉంది. కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై దాటాక 2012లో వచ్చిన ‘నిర్జన వారధి’ చదివితే ఉద్యమ చరిత్రల్లో కనిపించని ఇంటి లోపలి బాధ తెలుస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మరో దారి చూపింది. చెప్పిన మనిషి మాట తీరును సంపాదకులు ఎంతవరకు చెక్కుచెదరకుండా ఉంచారన్నదే అలాంటి పుస్తకానికి గీటురాయి.

నవలకైతే మధ్యలో ఒక అధ్యాయం చదవడం మేలు. మొదటి పేజీలు ఎవరైనా శ్రద్ధగానే రాస్తారు. మధ్యకు వచ్చేసరికి పాత్రలన్నీ రచయిత గొంతుతోనే మాట్లాడుతున్నాయా, రైతుకూ గుమస్తాకూ ఒకటే మాటతీరా, ఒక వృత్తి గురించి రాస్తే ఆ వృత్తి మాటలు ఉన్నాయా అన్నది తేలిపోతుంది. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఒక ముసలి పందుల కాపరి తప్పిపోయిన సూడిపందిని వెతుక్కుంటూ అడవిలో గడిపిన ఒక రాత్రి కథ. దీన్ని హెమింగ్వే రాసిన ముసలివాడి సముద్రవేటతో పోల్చడం మామూలు. పోలిక ఉంది. అయితే పంది ఎప్పుడు ఎలా మసలుతుందో, చీకట్లో అడవి చప్పుళ్లకు అర్థాలేమిటో ఆ ముసలివాడికి తెలిసినంత తెలిసి రాయడం అరువు తెచ్చుకుంటే వచ్చేది కాదు. పోలిక కనబడగానే నకలు అని పక్కన పెట్టడం తొందరపాటు. మరుగున పడ్డ నవలల్లో ఉప్పల లక్ష్మణరావు ‘అతడు-ఆమె’ను కూడా ఈ కళ్లతో చూడాలి. భార్యాభర్తల డైరీల రూపంలో సాగే ఆ నవలలో ఒకే సంఘటనకు ఇద్దరి వైపు నుంచీ సాక్ష్యం దొరుకుతుంది. స్త్రీ పురుష సంబంధాల మీద అంత సమతూకంగా రాసిన నవల తెలుగులో అరుదు. తగినంత పేరు రాకపోవడం చదువరుల నష్టమే.

డిటెక్టివ్ నవలకు సులువైన పరీక్ష రెండోసారి చదవడం. హంతకుడెవరో తెలిశాక వెనక్కి వెళ్తే ఆధారాలన్నీ కళ్లముందే ఉండాలి. చివరి పేజీలో కొత్త మనిషిని తెచ్చి నేరం అంటగడితే అది చదువరికి చేసిన అన్యాయం.

అనువాదాల దగ్గర తెలుగు చదువరి ఎక్కువ మోసపోతాడు, మూలం ఎదురుగా ఉండదు కాబట్టి. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు సోవియట్ కాలంలో చవక ధరకు గట్టి అట్టల తెలుగు పుస్తకాలు పంపాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) అక్కడ అనువాదకులుగా పనిచేసినవారే. ఆ అనుభవంతో రారా రాసిన ‘అనువాద సమస్యలు’ కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. అనువాదం చేసేవాళ్ల కోసమే రాసినట్టున్నా, చదివేవాళ్లకు కూడా అంత పనికొచ్చే పుస్తకం మరొకటి లేదు. మూలం తెలియకపోయినా చెడ్డ అనువాదాన్ని పట్టుకునే ఉపాయం ఉంది: పైకి చదవడం. ‘అతని చేత తలుపు తెరవబడింది’ అని తెలుగువాడు ఇంట్లో అనడు. ‘ఆమె తన చేతిని తన కొడుకు తలపై ఉంచింది’ అని అమ్మమ్మ కథ చెప్పదు. ఇలాంటి వాక్యాలు పేజీకి నాలుగు తగిలితే అనువాదకుడు మాటలను మోశాడే గానీ కథను మోయలేదని అర్థం. దీనికి ఎదురుగా చక్రపాణి చేతిలో పడ్డ శరత్ బాబు ఎంత తెలుగువాడైపోయాడో పాతతరం పాఠకులకు తెలుసు. ఆ కాలంలో శరత్ బెంగాలీవాడన్న సంగతి మరిచి చదివినవాళ్లున్నారు.

సైన్సు పుస్తకానికి మొదట అచ్చయిన సంవత్సరం చూడాలి, ఎందుకంటే కొన్ని విషయాలు పాతబడతాయి. వివరించే పద్ధతి మాత్రం పాతబడదు. మహీధర నళినీమోహన్ ‘క్యాలెండర్ కథ’లో తేదీల లెక్క వెనక సూర్యచంద్రుల తగువును కథలా చెప్పారు. అణుశాస్త్రవేత్తగా పనిచేస్తూనే కొడవటిగంటి రోహిణీప్రసాద్ జీవపరిణామం నుంచి సంగీతం దాకా మామూలు మాటల్లో రాశారు. శాస్త్రం చెప్పే పుస్తకం బాగుందనడానికి గుర్తు పెద్ద పెద్ద సంస్కృత పదాలు కాదు. ఒక పారిభాషిక పదం వచ్చిన చోటే దాని అర్థం పాఠకుడి అనుభవంలోంచి చెప్పడం, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం ఆ గుర్తులు.

పుస్తకం ముందు ఉండే పీఠికలను చివర చదవడం మంచి అలవాటు. తెలుగు పుస్తకాలకు రెండు మూడు ముందుమాటలు ఉండటం మామూలు. పరిచయస్తుడి మాట కాదనలేక రాసినవి, పుస్తకం చదవకుండానే రాసినట్టు తెలిసిపోయేవి వాటిలో ఉంటాయి. పొగడ్త ఎంత ఉందన్నది వదిలేసి, పుస్తకంలోంచి ఒక్క నిర్దిష్టమైన సంగతైనా ప్రస్తావించిందా అని చూస్తే ఆ పీఠిక విలువ తెలుస్తుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పరిష్కర్తల పీఠికలు మాత్రం వేరు. ప్రతులు ఎక్కడ దొరికాయో, పాఠాల్లో తేడాలేమిటో, తాను దేన్ని ఎందుకు ఎంచుకున్నదీ చెప్పే ఆ పీఠికలు ఒక్కోసారి కావ్యమంత విలువైనవి.

మంచిదని తేలిన పుస్తకం మళ్లీ పోకుండా చూడటం మిగిలిన పని. భారతీయ కాపీరైటు చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు గడిస్తే ఆ రచనలు అందరి సొత్తు అవుతాయి. అలాంటివాటిని తెలుగు వికీసోర్స్‌లో చేర్చుతున్నారు. హక్కులు ఇంకా ఉన్నవాటి విషయంలో కుటుంబాల అనుమతితో మనసు ఫౌండేషన్ లాంటి సంస్థలు సమగ్ర సంపుటాలు తెచ్చాయి. గురజాడ రచనలన్నీ ఒకచోట చేర్చి 2012లో తెచ్చిన ‘గురుజాడలు’ వాటిలో ఒకటి. పెద్ద రచయితలకు ఈ పని జరుగుతోంది. రైలు స్టేషన్లలో అమ్ముడైన నవలలకు అంత వ్యవధి లేదు. కొవ్వలి 1975లో మరణించారు కాబట్టి ఆయన నవలలు అందరి సొత్తయ్యేది 2036 జనవరి 1న. ముతక కాగితం మీద అచ్చయిన ఆ పుస్తకాలు గోధుమరంగుకు తిరిగి, పేజీ తిప్పితే అంచులు విరిగిపోయే స్థితికి ఇప్పటికే వచ్చాయి. వాటిని స్కాన్ చేసి దాచే పని హక్కులు తీరే తేదీ దాకా ఆగితే, ఆనాటికి అచ్చు వేయడానికి హక్కు ఉంటుంది గానీ చేతిలో ప్రతి ఉండదు.